గడ్డి పెదనాన్న డబ్బాలు

మొన్న మా టాటానగర్ బిష్టుపూర్‌లో బ్యాంకు పని చూసుకుని, బస్సు కోసం నిలబడే ఓపిక లేక ఖాళీ మైదానానికి అడ్డంపడి వచ్చాను. ఇల్లు చేరేసరికి ప్యాంటుకి మోకాళ్ళ దాకా సన్నటి గడ్డిముళ్ళు. ఈ ఊళ్ళో దాన్ని చోర్‌కాంటా అంటారు. ఒకసారి గుడ్డని పట్టుకుందంటే గుడ్డ చిరుగుతుంది గానీ అది వదలదు. మా ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఏటది? గడ్డిలో దొర్లొచ్చినారా?"

"ఎద్దు తరిమింది" అన్నాను.

"బ్యాంకులోనా?"

ఎద్దు మేనేజరు గదిలోకి ఎలా వచ్చిందో చెప్పడం మొదలెట్టాను. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. మెట్టు మీద కూర్చుని ఒక్కో ముల్లూ పీకుతుంటే గడ్డి పెదనాన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది. మెట్టు మీద ఒంటరిగా కూర్చుని సొంత ప్యాంటు చూసుకుని నవ్వే మగాణ్ణి చూసి పక్కింటివాళ్ళు కిటికీ మూసేశారు.

పెదనాన్న పోయిన వేసవిలో పోయారు. నాకు సొంత పెదనాన్న కాదు. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళు పక్కపక్కన, ఇక్కడ సీతారాండేరాలో మా వీధి ఒకటే, అంచేత పెదనాన్న. ఆయన పేరు చెప్పను. వీధిలో అందరి పేర్లూ రాసి తన పేరు మాత్రం ఎక్కడా రాసుకోని మనిషి పేరు నేను రాయడం బాగోదు. ఇక, నా మాటల్లో పాలకంటే నీళ్ళెక్కువని వీధిలో ఒక ప్రచారం ఉంది. ఇది మాత్రం చిక్కటిది. నురగ కొంచెం ఉంటే ఉండొచ్చు.

ఆయన టాటానగర్‌లో రైల్వే కీమేనుగా చేసి రిటైరయ్యారు. భుజాన సుత్తీ స్పానరూ, చంకలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని, రోజూ తన ముక్క లైను పొడుగునా నడిచి, పట్టాలకి వదులైనవి బిగించి రావడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళ పైమాటే కిందకి చూస్తూ నడిచిన మనిషి. ఆకాశం ఏ రంగని అడిగితే పక్కవాణ్ణి అడిగి చెప్పేవారు. పట్టాల పక్క గడ్డి గురించి అడగండి, టీ చల్లారిపోయి, మళ్ళీ కాచి, అది కూడా చల్లారేది.

"గూడ్సు బండంటే ఏటనుకున్నావు? గోధుమలు పంజాబువి, మొక్కజొన్న మనేపుది, గొడ్ల దాణా ఎక్కడిదో. బస్తా చిరుగులోంచి గింజ జారతాది. టికెట్టు నేదు, రిజర్వేషను నేదు. ఇక్కడ దిగి, కంకర్రాళ్ళ మజ్జిన కాపరం ఎట్టెత్తాది. మన తాతలూ అలగే కదా వచ్చినారు!"

ఒక దుబ్బు పూతకొచ్చిందని ఎర్రజెండా చూపించి గూడ్సుని ఆపారని నేను వీధంతా చెప్పాను. ఎవరో ఆయన్ని అడిగితే చాలా బాధపడ్డారు. "ఛ, ఎర్రది కాదురా. పచ్చజెండాయే సూపించాను, బేగి ఎల్లిపొమ్మని."

నోట్లో ఎప్పుడూ ఒక పరక ఉండేది, మిగతావాళ్ళకి బీడీ ఉన్నట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి, ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకునేవారు. పెళ్ళికెళ్తే షామియానా అంచున నేల చూసుకుంటూ తిరిగేవారు. తద్దినం దగ్గర దర్భ ఉంగరం వేలికి తొడిగితే మంత్రం మధ్యలో పంతులుగారిని ఆపి, "ఇది ఏ గట్టుది పంతులూ?" అని అడిగారు. ఎవరైనా కోపంలో "గడ్డి తింటున్నావా" అని తిట్టుకుంటే ఈయన మధ్యలో దూరేవారు.

"అవును, తింతన్నాడు. నువ్వేటి తింతన్నావు? వరి గడ్డి కాదా? గోధుమ గడ్డి కాదా? పంచదార ఎక్కడిది, సెరుకు గడ్డి కాదా? పుట్టగానే నిన్ను చేటలో ఏశారు. చేట ఎదురుబద్దలది. ఎదురూ గడ్డే. రేపు పోతే పాడె కడతారు. అదీ గడ్డే. ఇంక తిట్టుకోండి."

తిట్టుకునేవాళ్ళకి ఆ తర్వాత తిట్టుకోబుద్ధయ్యేది కాదు.

రిటైరయ్యాక ఆ గడ్డంతా ఇంటికి తెచ్చుకున్నారు. పెరట్లో డబ్బాలు: నూనె డబ్బాలు, పెయింటు డబ్బాలు, రెండుగా కోసిన డ్రమ్ములు. వంద దాటాక లెక్క మానేశారు. కొంత లైను పక్కది, కొంత సువర్ణరేఖ ఒడ్డుది, కొంత ఎవరి పొలం గట్టునుంచో అడక్కుండా తెచ్చింది. ఇదంతా ఒక గేదె కోసం. ఆ గేదె పేరు ఇన్స్పెక్టరమ్మ. మేత వేస్తే వెంటనే తినేది కాదు. ప్రతి పరకా మూతితో తిరగేసి, నచ్చనిది పక్కకి నెట్టి, నచ్చింది పాస్ చేసేది. ఫెయిలైన గడ్డి డబ్బా ఆ సాయంత్రానికల్లా వెనక వరసలోకి మారిపోయేది.

నేనొక ఆదివారం ఏమీ తోచక ఆ పెరట్లోకి వెళ్ళాను. ముందువరసలో ఆరు డబ్బాలు, ఆరింట్లోనూ గరిక.

"ఒకటే గరిక ఆరు డబ్బాల్లో ఎందుకు పెదనాన్నా?"

ఆయన నోట్లో పరక తీసి, నన్ను చూశారు. పరకకేసే ఎక్కువ గౌరవంగా చూశారు.

"కూకో. కళ్ళెట్టి సూడు."

కూర్చుని చూశాను. నిజమే. ఒకటి నేలకి అంటుకుని పాకుతోంది. ఒకటి నిక్కి నిలబడింది. ఒకదాని కణుపులు ఎర్రగా ఉన్నాయి. ఒకదాని ఆకు మీద నూగు, పక్కదాని ఆకు నున్నగా. ఒకటి అప్పుడే పూతకొచ్చింది. ఆరోది ఏమీ చెయ్యకుండా ఉంది.

"ఆరు సోట్ల నుంచి తెచ్చాను. ఒకటే మట్టి. ఒకటే నీళ్ళు. ఒకటే ఎండ. రెండేళ్ళైనాది. ఏదీ పక్కదాన్ని సూసి మారనేదు. అది పుట్టుబుద్ది. ఇప్పుడిటు రా." వెనకాల ఇంకో రెండు డబ్బాలు చూపించారు. "ఇది కంకర్లో జానెడు మరుగుజ్జు. ఇది కాలవ పక్కన నడుమెత్తు. వేరేవేరేవని తెచ్చి ఒకటే మట్టిలో ఏశాను. ఏటైనాది?"

రెండూ ఒక్క ఎత్తున, ఒక్క రంగున, కవలల్లా ఉన్నాయి.

"అది సోటుబుద్ది. ఏది పుట్టుబుద్దో, ఏది సోటుబుద్దో తేల్చాలంటే పక్కపక్కనెట్టి ఏడాది నోరు మూసుకోవాలి. మనుషులకి ఆ ఓపిక నేదు. సంబంధం సూడ్డానికెళ్ళి టీ తాగి లేచేలోపు తేల్చేత్తారు."

తర్వాత నాకు పరీక్ష పెట్టారు. కళ్ళు మూయించి రెండు పరకలు నమిలించారు. ఏది తీపో ఏది వగరో చెప్పమన్నారు. నాకు రెండూ గడ్డిలాగే ఉన్నాయి. అదే మాట చెప్పాను. ఇన్స్పెక్టరమ్మ తల తిప్పి నావైపు చూసిన చూపు, మా ఆవిడ కూడా ఎప్పుడూ చూడలేదు.

లేచి వెళ్ళబోతుంటే డబ్బాల మీద తెల్లపెయింటుతో రాతలు కనిపించాయి. అన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి. ఒకటి తిప్పి చదివాను. ఎదురింటి పెద్దాయన పేరు. పక్కది ఆయన తమ్ముడిది. ఆ ఇంట్లో ఆరుగురు అన్నదమ్ములు, ఒకే తల్లి, ఒకే వంట. ఆరు గరిక డబ్బాలూ వాళ్ళవే. ఏమీ చెయ్యకుండా ఉన్న ఆరోది ఆఖరివాడిది. తెలుగు సంఘం సెక్రటరీగారిది ఊదగడ్డి. వరిచేలో వరి పక్కన నిలబడి అచ్చం వరిలా ఉంటుంది. కోతల రోజు గానీ కాదని తెలియదు. సెక్రటరీగారు ఎవరు పెద్దమనిషి వచ్చినా పక్కన నిలబడి ఫొటో దిగుతారు.

నాది మూలన ఉంది. చోర్‌కాంటా.

"ఇదేటి పెదనాన్నా?"

"లేతప్పుడు మంచి మేతేరా. ముదిరితే ఇలగైపోద్ది. ఎవులి బట్టకి తగులుకుంటే వాళ్ళింటికెల్లిపోద్ది, అక్కడ మొలుత్తాది. నీ కతల్నాగ." తర్వాత గొంతు తగ్గించారు. "ఎవులికీ సెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు. పదకొండు మందికి తప్ప.

మర్నాడు ఉదయమే సింహాచలం అత్త వచ్చింది. మా వీధిలో ఆవిడ మాట గేటు బయట వినిపిస్తే లోపల కుక్కలు మంచం కిందకి పోతాయి. నడుం మీద చెయ్యేసుకుని సరాసరి పెరట్లోకి నడిచింది.

"ఏటి అన్నయ్యా, నా పేరు మట్టిలో పాతావట! బతికుండగానే పిండం ఎట్టేసినావా? నేకపోతే సేతబడేటి?"

పెదనాన్న బెదరలేదు. సగం డ్రమ్ములో నిలువెత్తు పెరిగిన రెల్లుగడ్డి దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇది నువ్వు."

ఆవిడ ముట్టుకుంది. ఆకు అంచు కోసుకుని వేలు చీరుకుంది. "ఓలమ్మో! కోసిందిరో!"

"మరి నువ్వే కదా" అన్నాన్నేను. అనకుండా ఉండాల్సింది. అప్పుడు ఆవిడ మోచెయ్యి తగిలిన చోట నాకు చలికాలంలో ఇప్పటికీ నొప్పి పుడుతుంది.

"వాడి మాటొగ్గేయ్. ఇది సెరుక్కి మేనత్త," అన్నారు పెదనాన్న. "ఎనకటికి సెరుకు జబ్బుపడి పోయేటప్పుడు, పెద్దపెద్ద సదువులోల్లు దీన్నే ఎతికి తెచ్చి, దీనికీ దానికీ కలిపి, దీని రక్తం దానికెక్కించి బతికించినారు. మనం సప్పరించే తీపి వెనకాల ఈ కోసే మేనత్త ఉన్నాది. ఎవులికీ తెలీదు."

అత్త వేలు నోట్లో పెట్టుకుని కాసేపు రెల్లుని చూసింది. "మరి నీళ్ళు తక్కువ పోత్తన్నావేటి దీనికి? ఒడిలిపోనాది" అంది.

ఆ తర్వాత వీధిలో జనం ఒక్కొక్కరే పని కల్పించుకుని పెదనాన్న పెరట్లోకి రావడం మొదలెట్టారు. పంచదార కప్పు అప్పుకొచ్చి తమ డబ్బా చూసుకుని పోయేవారు. ఎదురింటి అన్నదమ్ములు వేర్వేరుగా వచ్చి, తమది పక్కవాడిదాని కంటే పచ్చగా ఉందో లేదో చూసుకునేవారు. ఆఖరివాడు మాత్రం రాలేదు.

ఇదంతా ఇలా సాగుతుంటే దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకాయన పెరట్లోకి తొంగిచూసి, వరసలుగా మట్టిడబ్బాలు, ఇప్పుడు ఇటు తిప్పి పెట్టిన తెల్లటి రాతలు చూసి ఆగిపోయాడు.

"బాబా, యే క్యా లిఖా హై?"

"లోగోఁ కా నామ్ హై" అన్నారు పెదనాన్న, మనుషుల పేర్లని.

మందు కొట్టేవాడు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "ఇత్నే సారే? కైసే గుజర్ గయే?"

"గుజర్ నహీఁ గయే. సబ్ జిందా హై. భైఁస్ ఖాతీ హై."

ఇంతమందీ పోలేదు, బతికే ఉన్నారు, వీళ్ళందర్నీ గేదె తింటుందని విన్నాక ఆయన టోపీ పెట్టుకోవడం మర్చిపోయి బయటికొచ్చాడు. పోతూపోతూ మాత్రం డబ్బాల్లో నీళ్ళు నిలుస్తున్నాయని, దోమలు పెరుగుతాయని, తీసెయ్యమని పెదనాన్న అల్లుడికి చెప్పిపోయాడు.

ఆ అల్లుడు నాకు బావ. పెదనాన్నకి ఒక్కతే కూతురు, మా అక్క. వాళ్ళూ ఆ ఇంట్లోనే ఉంటారు. బావకి టెల్కోలో, ట్రక్కుల కార్ఖానాలో ఉద్యోగం, క్వాలిటీ చెకింగ్. పుట్టింది పెరిగింది ఇక్కడే కాబట్టి కోపమొస్తే హిందీ, ఆకలేస్తే తెలుగు. రెండూ ఒకేసారి వస్తే ఎవరికీ అర్థమయ్యేవాడు కాదు. ఆ సాయంత్రం పెరట్లో నిలబడి చెయ్యి ఊపాడు.

"మామయ్యా, మా లైన్ మీద ఒక బోల్టు ఇంకో బోల్టులా లేకపోతే రిజెక్ట్ కొట్టేస్తాను. ఇక్కడేటి, దో డబ్బా ఏక్ జైసా నహీఁ! హైబ్రిడ్ నేపియర్ గడ్డి పెట్టుకుందాం. సజ్జకీ ఏనుగుగడ్డికీ పుట్టింది. మనిషంత ఎత్తు పెరుగుతాది. నెలన్నరకో కోత. విత్తనం గొడవే నేదు, కణుపు ముక్క నరికి పాతడమే. అన్నీ ఏక్‌దమ్ ఒక్కలా ఉంటాయి."

"అదే కదా భయం," అన్నారు పెదనాన్న. "ఎయ్యి దుబ్బులున్నా లోపలున్నది ఒక్క మనిషే. వాడికి జొరమొత్తే?"

"క్వాలిటీ స్టాకు మామయ్యా. జ్వరం రాదు."

"రానిది బోల్టుకి అల్లుడూ."

మాటకి మాట పెరిగింది. అక్క మధ్యలోకి వచ్చి ఇద్దరికీ గడ్డి పెట్టింది. చివరికి తేలింది ఏమిటంటే, తినేది ఇన్స్పెక్టరమ్మ కాబట్టి తేల్చేదీ ఆవిడే. ఆదివారం వీధిలో రెండు కుప్పలు. ఒకటి బావ ఎక్కడో డైరీనుంచి తెచ్చే నేపియర్, ఒకటి పెదనాన్న డబ్బాల్లోంచి కోసిన కలగలుపు. గేదె నేపియర్ తింటే డబ్బాలన్నీ పెరట్లోంచి పోవాలి. కలగలుపు తింటే బావ నేపియర్ మాట జన్మలో ఎత్తకూడదు. నన్ను అంపైరుగా పెట్టారు. వీధిలో నాకున్న నిజాయితీ పేరు అలాంటిది.

శనివారం బావ నన్ను పక్కకి పిలిచాడు. "ఒక బెల్లం అచ్చు నీళ్ళలో కరిగించి నా కుప్ప మీద జల్లు యార్. ఎవరికీ తెలీకూడదు."

అది అన్యాయం అనిపించింది. కానీ బావ మాట కాదంటే అక్క వండే చేపల పులుసు నాకు దూరమవుతుంది. అంచేత బెల్లం నీళ్ళు జల్లాను. జల్లాక మనస్సాక్షి పీకింది. గొడ్లకి ఉప్పు ఇష్టమని ఎక్కడో విన్నాను. సమానం చెయ్యాలని, పెదనాన్నకి చెప్పకుండా, ఆయన కుప్ప మీద ఉప్పునీళ్ళు జల్లాను. చారెడు వెయ్యాల్సింది. చీకట్లో ఉప్పుడబ్బా జారి నీళ్ళలో మొత్తం పడింది.

ఆదివారం వీధంతా కుర్చీలు తెచ్చుకున్నారు. సింహాచలం అత్త బొట్టు పెట్టుకొచ్చింది, తన పేరు కుప్పలో ఉంది కదా. ఇన్స్పెక్టరమ్మ మెళ్ళో బంతిపూల దండతో వచ్చింది. ముందు కలగలుపు దగ్గరికి వెళ్ళింది. వీధి ఊపిరి బిగబట్టింది. ఒక పరక అందుకుంది. నమిలింది. ఆగింది. ముఖం చిట్లించింది. గేదె ముఖం చిట్లించడం చూడాలంటే అదృష్టం ఉండాలి. ఆ పరకని ఉమ్మేసి, నాలుక రెండుసార్లు ముక్కులోకి పెట్టుకుని, గిరుక్కున తిరిగి నేపియర్ దగ్గరికెళ్ళి ఆఖరి ఆకు దాకా తినేసింది. తర్వాత మెళ్ళో దండ కూడా తినేసింది.

బావ విజిలేశాడు. పెదనాన్న నెమ్మదిగా తన కుప్ప దగ్గరికి వెళ్ళి ఒక పరక తీసి నోట్లో పెట్టుకున్నారు. దవడ ఆగింది. నావైపు చూశారు. నేను ఆకాశం చూశాను. మబ్బుగా ఉంది.

ఆయన చెప్పొచ్చు. ఒక్క మాట అంటే పందెం చెల్లదు, డబ్బాలు మిగులుతాయి. అనలేదు. అంటే ఆయన కుప్పలో ఉప్పే కాదు, అల్లుడి కుప్ప ఉన్నచోట అప్పటికే మూగిన బెల్లం చీమలు కూడా బయటపడతాయి. వీధి ముందు అల్లుడి పరువు పోతుంది.

"ఇన్స్పెక్టరమ్మ రాసిందే రిపోర్టు" అన్నారు. "మాటంటే మాటే. ఓడిపోనాను."

వారంలో పెరడు ఖాళీ కావాలి. బావ మున్సిపాలిటీ బండి కోసం ఫోను చేద్దామన్నాడు. పెదనాన్న వద్దన్నారు. ఠేలాబండి ఒకటి తెప్పించి, డబ్బాలన్నీ ఎక్కించి, ఉతికిన పంచె కట్టుకుని, శుభలేఖలు పంచడానికి బయల్దేరినట్టు ఇంటింటికీ బయల్దేరారు. బండి నేను తోశాను. తొయ్యమని ఆయన అడగలేదు. నేనూ ఎందుకు తోస్తున్నానో చెప్పలేదు.

"ఇదిగో, ఇది నువ్వు. పొద్దున్నోసారి నీళ్ళు పోసుకో. అడుగున సిల్లు ఏశాను, దోమలు రావు."

మామూలుగా అయితే గడ్డి డబ్బా ఎవరు తీసుకుంటారు? కానీ తన పేరున్న మొక్కని గుమ్మంలోంచి తిప్పి పంపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. తీసుకున్నాక ఎండనివ్వడానికి అసలే చాల్లేదు. సెక్రటరీగారు తన ఊదని మేడ మీద పెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగారు. ఎదురింటి ఆరుగురు ఆరు కిటికీల్లో పెట్టుకున్నారు. సింహాచలం అత్త, తీర్థానికి ఊరెళ్తూ కోడలికి చెప్పిన జాగ్రత్తల్లో పాలు, గ్యాసు, మనవడు అన్నీ రెల్లు తర్వాతే వచ్చాయి. పేరు లేని డబ్బాలు కొన్ని మిగిలితే, మా వీధి కోడళ్ళు తమ అత్తల డబ్బాలకి పోటీగా తీసుకుపోయారు.

పెరట్లో నేపియర్ లేచింది. నిజం చెప్పాలి, దివ్యంగా లేచింది. వరసకి వరస, ఎత్తుకి ఎత్తు. బావ డ్యూటీనుంచి రాగానే వాటి మధ్య పరేడ్ చూసే దొరలా నడిచేవాడు. ఇన్స్పెక్టరమ్మ నున్నగా తేలింది, చూలు కట్టింది. పెదనాన్న అరుగు మీద కూర్చుని నోట్లో నేపియర్ ఆకు పెట్టుకుని, "తీపే, తీపే" అనేవారు. ఆయనలో కసి అనేది లేదు. ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

మరుసటి వానాకాలం చివర ఒక దుబ్బు పసుపు చారలు పడింది. నాలుగు రోజులకి వరసంతా. వారానికి పెరడంతా ఆకులు ముడుచుకుని, గోధుమ మచ్చలతో, ఒకేసారి పడకేసింది. ఒకదానికి దగ్గొస్తే అన్నీ దగ్గాయి. ఎంత ఒక్కలా పెరిగాయో అంత ఒక్కలా చచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి ఎదురుతిరగలేదు. బావ మందులు కొట్టాడు, బూడిద జల్లాడు, హిందీలో తిట్టాడు. ఇన్స్పెక్టరమ్మ ఆ ఆకుని మూతితో ముట్టి వెనక్కి జరిగింది. బజారునుంచి ఎండుగడ్డి తెస్తే దానికేసి వీపు తిప్పి నిలబడింది. రెండు రోజులు. నిండు చూలాలు.

మూడో రోజు బావ అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"మామయ్యా, వీధిలో అందరి దగ్గరా ఉంది కదా మీ గడ్డి. కొంచెం అడిగి తెండి."

"నాను ఓడినోణ్ణి అల్లుడూ. ఇచ్చేసినాక ఏ మొకమెట్టుకుని అడుగుతాను? అది నాది కాదిప్పుడు. ఆళ్ళది. నువ్వెల్లు."

"నేనా? నా మీద అందరికీ కోపం కదా!"

"దానికీ ఉన్నాది" అని గేదెని చూపించారు.

బావ కొడవలీ గోనెపట్టా తీసుకుని బయల్దేరాడు. సాక్షిగా నన్ను లాక్కుపోయాడు. మొదటి ఇల్లు సింహాచలం అత్తది. ఆవిడ సంగతంతా విని, కావాలనే మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుని, అప్పుడు అంది:

"నన్ను కొయ్యడానికొచ్చినావన్నమాట."

"అత్తా, లేతాకు మటుకే..."

"ముందు దండం ఎట్టు."

బావ నాకేసి చూశాడు. నేను మళ్ళీ ఆకాశం చూశాను. టెల్కోలో క్వాలిటీ చెకింగ్ చేసే మనిషి చెప్పులు విప్పి రెల్లుగడ్డికి దండం పెట్టాడు.

"పిడికిడు ఎత్తు వదిలి కొయ్. మొదలంటా కోసినావంటే, ఆ కొడవలితోటే నీ సంగతి సూత్తాను. ఊఁ, అలగ. బాబూ, సూలుదాని మేతకి కాదంటానేటి? కానీ అడగాల. మీ మాఁవ సూడు, ఇచ్చేటప్పుడు కూడా అడిగి ఇచ్చినాడు."

అక్కణ్ణుంచి ఇంటింటికీ అదే తంతు. ఎదురింట్లో ఐదుగురు తమది ఎక్కువ కొయ్యమని పోట్లాడుకున్నారు. ఆఖరివాణ్ణి నిద్ర లేపాల్సొచ్చింది. చూస్తే అతని గరికే అన్నిటికంటే దట్టంగా ఉంది; ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యకుండా వేళ్ళు పెంచుకుందట. సెక్రటరీగారు కోత ఫొటో సంఘం తరఫున వస్తేనే సరేనన్నారు. మా ఇంట్లో నా డబ్బా మా ఆవిడే తెచ్చి ముందు పెట్టింది. "అవసరమైతే మొదలంటా కోసుకోండి అన్నయ్యా, నాకేటీ బాధ నేదు" అంది.

సాయంత్రానికి బావ తల మీద మోపుతో తిరిగొచ్చాడు. చేతులు రెల్లుకి కోసుకుపోయాయి. ప్యాంటు నిండా నేనే. మోపు గేదె ముందు విప్పాడు. ఇన్స్పెక్టరమ్మ ప్రతి పరకా తిరగేసింది. వీధి మొత్తాన్ని ఒక్కొక్కరిగా వాసన చూసింది. తర్వాత తల దించి తినడం మొదలెట్టింది.

బావ అరుగు మీద కూలబడి చేతులు చూసుకున్నాడు. చిన్నగా అడిగాడు.

"మామయ్యా, వీధిలో అందరి పేర్న గడ్డి ఉంది. ఈ అబద్ధాలకోరు పేర్న కూడా ఉంది. నా పేరు మీద ఒక్కటీ నేదేటి?"

పెదనాన్న నోట్లో పరక తీశారు.

"పూత రాకుండా ఏ గడ్డికీ పేరెట్టకూడదు అల్లుడూ. ఆకుని సూసి సెప్తే తప్పిపోతాం. పువ్వు సూడాల. నీ పెళ్ళై ఇరవై రెండేళ్ళు. రోజూ సూత్తన్నాను."

పెదనాన్న ఆ కోసుకుపోయిన చేతుల్ని, గోనెపట్టాని, ప్యాంటుని తీరిగ్గా, పై నుంచి కింద దాకా చూశారు. అప్పుడు నావైపు తిరిగారు.

"ఒరే, లోపల తెల్లపెయింటూ కుంచే ఉంటాది. అట్టుకురా."

ఖాళీ డబ్బా ఒకటి తీసి, మట్టి నింపి, దాని మీద అల్లుడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రాశారు. అందులో ఏమీ నాటలేదు.

"గడ్డేది మామయ్యా?"

"నీళ్ళు పొయ్యి. ఏటొత్తాదో సూద్దాం."

ఇన్స్పెక్టరమ్మ పెయ్యని ఈనింది. వీధిలో అందరూ ఒక్కో దుబ్బు చీల్చి ఇచ్చారు. పెరట్లో డబ్బాలు మళ్ళీ వరసలు కట్టాయి. బావ మాత్రం ఆ ఒట్టి మట్టికే పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. చలికాలం పోయింది. వేసవిలో పెదనాన్న పోయారు. మొదటి వానకి డబ్బాలో ఒక మొలక లేచింది.

అదేం గడ్డో చెప్పే మనిషి ఇప్పుడు లేడు. పూత ఇంకా రాలేదు. బావ డ్యూటీకి పోయేముందు కార్ఖానా స్కేలుతో దాన్ని కొలిచి వీధి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు. ఈవేళ పొద్దున్న వచ్చిన మెసేజి ఇది: "నేను పదకొండంగుళాలు అయ్యాను. ఎడంవైపు కొంచెం వంగాను. దయచేసి నన్ను ఎవరూ తాకొద్దు."